వైజాగ్ నుంచి లద్దాఖ్ సరస్సుల దాకా రెండు కార్లలో ఎనిమిది మంది: మొదటి నుంచి చివరి దాకా ఎలా వెళ్ళి రావాలి

బీచ్ రోడ్డులో సాయంత్రం మొక్కజొన్న పొత్తు తింటూ "ఈసారి లద్దాఖ్ వెళ్ళిపోదాం గురూ" అనుకోని ఫ్రెండ్స్ గ్రూపు వైజాగ్‌లో ఉండదేమో. నేను రెండుసార్లు వెళ్ళొచ్చాను. మొదటిసారి విమానంలో లేహ్‌లో దిగి, మూడో రోజుకే పాంగాంగ్ సరస్సు ఒడ్డున గుడారంలో పడుకున్నాం. మా పెద్ద బావకి ఆ మధ్యాహ్నం నుంచే తలనొప్పి, కానీ ఎవరికీ చెప్పలేదు. రాత్రి పదకొండింటికి వాంతులు మొదలయ్యాక గట్టిగా అడిగితే, "అందరూ డబ్బులు కట్టేశారు కదరా, నావల్ల పాడవడం ఎందుకని ఊరుకున్నా" అన్నాడు. టార్చి వెలుగులో, గుడారం ముందు పేర్చిన రాళ్ళ వెంబడి, ఒక పాదం మడమకి ఇంకో పాదం వేళ్ళు ఆనిస్తూ నడవమన్నాం. నాలుగో అడుగుకే పక్కకి తూలి నా భుజం పట్టుకున్నాడు. అది మెదడుకి నీరు చేరుతున్న గుర్తు అని నాకు అప్పటికే తెలుసు కాబట్టి చేతులు చల్లబడ్డాయి. వెంటనే కిందికి దించాలి. కానీ పాంగాంగ్ నుంచి లేహ్ వెళ్ళాలంటే ముందు 5,300 మీటర్లు దాటిన చాంగ్ లా ఎక్కాలి (లా అంటే కనుమ), అంటే దించాల్సిన మనిషిని ఇంకో వెయ్యి మీటర్లు పైకి మోసుకెళ్ళాలి. ఆ రాత్రి టాంగ్‌ట్సే ఆరోగ్య కేంద్రంలో ఆక్సిజన్ పెట్టించి, తెల్లారాక సిలిండర్‌తోనే కనుమ దాటించి లేహ్ ఆసుపత్రికి చేర్చాం. రెండు రోజులకి లేచి తిరిగాడు.

ఇంటికొచ్చాక చాలా రోజులు ఆలోచించాను. ఆ పొరపాటు బావది కాదు, ప్లానుది. గ్రూపులో ఎవరికీ తలనొప్పి దాచుకోవాల్సిన అవసరం రాకుండా ట్రిప్ కట్టుకోవాలి. రూటు, డబ్బులు, కార్లు, హోటళ్ళు అన్నీ దాన్ని బట్టే నిర్ణయించుకోవాలి. రెండోసారి అలాగే కట్టుకున్నాం: ఎనిమిది మంది, రెండు సొంత కార్లు, వైజాగ్ నుంచి వైజాగ్‌కి 26 రోజులు, దాదాపు 7,000 కిలోమీటర్లు. బావ కూడా వచ్చాడు. మేం చేసిందే వరసగా రాస్తున్నాను.

1. ముందు మనుషులు, తర్వాతే మ్యాపు

ఎవరెవరు వస్తున్నారో తేలాక అందరూ ఒకరింట్లో కూర్చోండి. ఫోన్లో కుదరదు, ఎదురెదురుగా కూర్చోవాలి. ఒక కాగితం మీద ఈ మాటలు రాసి అందరూ ఒప్పుకోవాలి.

ఒంట్లో బాగోకపోతే, చిన్న తలనొప్పైనా సరే, అప్పటికప్పుడు చెప్పాలి. వెనక్కి తిరగాలా వద్దా అన్నది ఒక్క మనిషే నిర్ణయిస్తాడు, ఓటింగ్ ఉండదు, ఆ లీడర్ ఎవరో ఇప్పుడే పేరు పెట్టి అనుకోవాలి. చీకటి పడ్డాక కొండ దారిలో బండి నడపం. అసలైనది డబ్బు మాట: ఎవరికైనా బాగోక ప్లాన్ మారితే, పోయిన గది అడ్వాన్సు, అదనపు హోటల్, ఆసుపత్రి, ఆక్సిజన్ ఖర్చు అంతా ఎనిమిది మంది పంచుకుంటారు. జబ్బుపడిన మనిషి వాటా మిగతావాళ్ళ కంటే ఒక్క రూపాయి ఎక్కువ ఉండదు. దీనికోసం బయల్దేరే ముందే కామన్ ఫండ్‌లో మనిషికి కొంత విడిగా వేసి పక్కన పెట్టాం. మా బావ నోరు విప్పకపోవడానికి కారణం భయం కాదు, మొహమాటం. మన ఇళ్ళల్లో మొహమాటం ఎంత పని చేస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు, దాన్ని వైజాగ్‌లోనే తీసేసి కారెక్కాలి.

షెడ్యూల్లో రెండు రోజులు ఖాళీగా ఉంచండి. ఆ రెండు రోజుల్లో "ఇది కూడా చూసేద్దాం" అని ఏదీ పెట్టకండి. ఇంకో సంగతి, కారుకి కనీసం ఇద్దరు ఘాట్ రోడ్డు మీద చెయ్యి తిరిగిన డ్రైవర్లు ఉండాలి. మేం రెండు నెలల ముందు నుంచి ఆదివారాలు అరకు, లంబసింగి ఘాట్లలో ప్రాక్టీసు చేశాం. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోకుండా, ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగడం ఒంటికి పట్టేదాకా.

2. డాక్టరు దగ్గరికి

సముద్ర మట్టం నుంచి వెళ్తున్నాం. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు, పాంగాంగ్ 4,250, త్సో మోరిరి సరస్సు 4,500 దాటుతుంది. అక్కడ గాలి ఒత్తిడి మనకి అలవాటైన దాంట్లో సగం కంటే కొంచెమే ఎక్కువ. వ్యాయామం చేసేవాళ్ళకి రాదనేది భ్రమ, రోజూ ఆర్కే బీచ్‌లో పరిగెత్తే కుర్రాడికి వచ్చి, కదలకుండా కూర్చునే పెద్దాయనకి రాకపోవచ్చు. సింహాచలం మెట్లెక్కి కాళ్ళు గట్టి చేసుకోండి, మంచిదే, కానీ ఎత్తు జబ్బుకి అది కవచం కాదు.

బీపీ, షుగరు, గుండె, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరు సరే అంటేనే రావాలి. మన వైపు ప్రత్యేకంగా ఒకటి ఉంది: ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాల్లో సికిల్ సెల్ ఎక్కువ. జబ్బు లేకుండా ఆ లక్షణం మాత్రమే ఉన్నవాళ్ళకి కూడా అంత ఎత్తులో ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది, చాలామందికి తమకి ఉందనే తెలియదు. ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది, చేయించుకోండి.

ఎత్తుకి అలవాటు పడటానికి వాడే మాత్ర అసిటజోలమైడ్, డయామాక్స్ అనే పేరుతో అందరికీ తెలుసు. ముందు జాగ్రత్తకి సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టరుకి ఆ మాట తప్పక చెప్పాలి. వేసుకుంటే వేళ్ళ చివర్లు చిమచిమలాడతాయి, మాటిమాటికీ ఒంటికి వెళ్ళాల్సి వస్తుంది, సోడా తాగితే చప్పగా ఉంటుంది. ఇవి ముందే తెలిస్తే టెన్షన్ పడరు. మాత్ర వేసుకున్నాం కదా అని తొందరగా ఎక్కేయడం మాత్రం పనికిరాదు.

3. ఎప్పుడు

జూన్ రెండో సగం, లేదా సెప్టెంబరు. మే చివరికి కూడా కొన్ని కనుమల మీద మంచు గోడలు ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో లద్దాఖ్ పొడిగానే ఉన్నా (లేహ్‌లో ఏడాది మొత్తానికి పడేది 100 మిల్లీమీటర్ల లెక్క, మనకి 1,000 దాటుతుంది) మనాలీ వైపు కొండచరియలు విరిగిపడతాయి. మేం వినాయక చవితి అయ్యాక సెప్టెంబరులో బయల్దేరాం. దసరా సెలవులకి అంటిపెట్టుకుని అక్టోబరులోకి జరిపితే లద్దాఖ్‌లోని హాన్లే ఊళ్ళో రాత్రిళ్ళు సున్నా కిందికి బాగా దిగిపోతాయి, పిల్లలతో కష్టం.

4. ఏ దారిన ఎక్కాలి

ఇది బాగా ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయం. లేహ్‌కి రోడ్లు ముఖ్యంగా రెండు, ఒకటి శ్రీనగర్ నుంచి, రెండోది మనాలీ నుంచి. శ్రీనగర్ నుంచి ఎక్కండి, మనాలీ వైపు దిగండి.

ఎందుకంటే ఆరోగ్యానికి కావాల్సింది పగలు ఎంత ఎత్తు దాటామన్నది కాదు, రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామన్నది. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రాత్రికి 500 మీటర్ల కంటే పెంచకూడదని డాక్టర్లు చెప్తారు. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్లు, సోనామార్గ్ 2,700, కార్గిల్ కూడా దాదాపు అంతే, ఆ తర్వాత లేహ్ 3,500. మెట్లు కట్టినట్టు ఉంటుంది. కార్గిల్ నుంచి లేహ్‌కి 800 మీటర్లు ఒకేసారి పెరుగుతుంది కదా అంటే, దానికే లేహ్‌లో విశ్రాంతి రోజులు. మనాలీ దారిలో అయితే కేలాంగ్, జిస్పా దాటాక మధ్యలో పడుకోవడానికి దొరికేవి సర్చు, పాంగ్, రెండూ 4,200 పైనే. కింద నుంచి రెండో రోజే వచ్చి సర్చులో పడుకున్నవాళ్ళ రాత్రి ఎంత నరకంగా ఉంటుందో అక్కడి డాబావాళ్ళని అడగండి. అదే పది రోజులు లద్దాఖ్‌లో తిరిగాక దిగేటప్పుడు అదే సర్చు ఏమీ అనిపించదు.

వైజాగ్ నుంచి మా నడక ఇలా సాగింది. మొదటి రోజు సాలూరు, సుంకి ఘాట్, కోరాపుట్, జగదల్‌పుర్, కేశ్‌కాల్ ఘాట్ మీదుగా రాయ్‌పుర్. నాలుగింటికే బయల్దేరండి, ఈ 12 గంటలు మొత్తం ప్రయాణంలో అలసట పుట్టించే రోజుల్లో ఒకటి. రెండో రోజు జబల్‌పుర్ దాటి సాగర్, మూడో రోజు ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా మీదుగా ఢిల్లీ, నాలుగో రోజు జమ్మూ, ఐదో రోజు శ్రీనగర్. ఆరో రోజు సోనామార్గ్ వరకే వెళ్ళి ఆగిపోయాం. ఏడో రోజు జోజి లా దాటి ద్రాస్, కార్గిల్. ఎనిమిదో రోజు ఫోటు లా మీదుగా సాయంత్రానికి లేహ్. జోజి లా మీద బండ్లని టైము పెట్టి ఒకవైపే వదులుతుంటారు, ముందు రోజు సాయంత్రమే హోటల్లో అడిగి తెలుసుకోండి.

అన్ని రోజులు సెలవు దొరకనివాళ్ళు ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో విమానంలోనో ఢిల్లీ చేరి అక్కడి నుంచి శ్రీనగర్‌లో కలవచ్చు, తిరుగు ప్రయాణంలో చండీగఢ్‌లో దిగిపోవచ్చు. మాలో నలుగురు అలాగే చేశారు. నేరుగా లేహ్‌కి విమానంలో వచ్చి కలుస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. అప్పుడు గ్రూపులో సగం అలవాటుపడిన ఒళ్ళు, సగం అలవాటుపడని ఒళ్ళు ఉంటాయి, మళ్ళీ ఎవరో ఒకరు దాచుకోవాల్సి వస్తుంది.

5. కారు

సొంత కారే కావాలి, ఆర్సీ గ్రూపులో ఉన్నవాళ్ళ పేరు మీద ఉంటే మంచిది. బయటి రాష్ట్రాల సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండ్లని లద్దాఖ్‌లో తిరగనివ్వరు, అక్కడి టాక్సీ యూనియన్లు ఆపేస్తాయి. ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి కాదు, నేల నుంచి ఎత్తు మాత్రం ఉండాలి.

మామూలు సర్వీసింగు ఎవరైనా చేయిస్తారు. వైజాగ్ కార్లకి విడిగా చూసుకోవాల్సినవి రెండు. ఒకటి కూలెంట్. ఇక్కడ ఏడాది పొడవునా గడ్డకట్టే ప్రసక్తి లేదు కాబట్టి, తగ్గినప్పుడల్లా మామూలు నీళ్ళు పోసేస్తాం. అది హాన్లేలో రాత్రి గడ్డకడితే రేడియేటర్ పగులుతుంది. మొత్తం ఖాళీ చేయించి, యాంటీఫ్రీజ్ ఉన్న కూలెంట్ కంపెనీ చెప్పిన పాళ్ళలో పోయించండి.

రెండోది సముద్రపు గాలి. మాకు ష్యోక్ నది దారిలో, సూదిగా లేచిన రాయి తగిలి, వెనక టైరు కోసుకుపోయింది. పంక్చర్ కిట్‌తో అయ్యే పని కాదు. సరే స్టెప్నీ దించుదామని చూస్తే, కారు కింద స్టెప్నీని పట్టుకునే బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. వైజాగ్‌లో నాలుగేళ్ళుగా ఉప్పుగాలి తిన్న బోల్టు, ఒక్కసారీ విప్పి చూడలేదు. స్పానర్ మీద కాలు పెట్టి తొక్కినా కదల్లేదు. గంటన్నర తర్వాత అటుగా వచ్చిన ఆర్మీ ట్రక్కు ఆగింది, వాళ్ళ దగ్గరున్న నూనె కొట్టి, పొడుగు పైపు తగిలించి, సుత్తితో మెల్లగా తట్టి తట్టి విప్పారు. కాబట్టి బయల్దేరే ముందే మీ ఇంటి ముందే జాకీ వేసి, స్టెప్నీ దించి, ఒక చక్రం మార్చి చూడండి. చక్రాల నట్లు, బ్రేకు పైపులు, కింద క్లాంపులు కూడా మెకానిక్‌తో చూపించండి.

పెట్టుకోవాల్సినవి: టైరులో గాలి నింపే చిన్న పంపు, గేజీ, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, లాగే తాడు, చిన్న పార, జంపర్ కేబుల్, బాగా వెలుగిచ్చే టార్చి. టైరు గాలి లేహ్‌లో ఒకసారి సరిచేసుకోండి, పైకి వెళ్ళేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి గేజీలో ఎక్కువ చూపిస్తుంది. మేం ఝాన్సీలో కొన్న చిప్స్ ప్యాకెట్ ఖార్దుంగ్ లా మీద బెలూన్‌లా ఉబ్బి, వేలితో తడితే డప్పులా మోగింది, టైరులో జరిగేదీ అదే. టర్బో లేని పెట్రోలు ఇంజన్లు పైన నీరసపడతాయి, ఓవర్‌టేక్ చేసేటప్పుడు అది గుర్తుంచుకోండి.

డీజిల్ లెక్క ముందే వేసుకోండి. నుబ్రా లోయలో డిస్కిట్ పంపు దాటాక సరస్సులన్నీ చుట్టి లేహ్ దగ్గరి కారూ అనే ఊరు చేరేదాకా మళ్ళీ పంపు ఉంటుందని నమ్ముకోవద్దు, అది 650 కిలోమీటర్ల పైమాటే. కొండల్లో లీటరుకి 11, 12 కంటే ఇవ్వదు. అంటే 55 నుంచి 60 లీటర్లు. ట్యాంకు సరిపోకపోతే 20 లీటర్ల ఇనప జెర్రీకాన్, ప్లాస్టిక్ డబ్బా వద్దు. మనాలీ దారి కూడా ఇంతే, తాండి పంపు దగ్గర తర్వాతి పంపు 365 కిలోమీటర్లు అని బోర్డే పెట్టారు.

6. కాగితాలు, ఫోను, నగదు

నుబ్రా, పాంగాంగ్, హాన్లే, త్సో మోరిరి సరిహద్దు ప్రాంతాలు. లేహ్ జిల్లా పర్మిట్ వెబ్‌సైట్‌లో వివరాలు నింపి పర్యావరణ రుసుము కట్టి, మీరు తాకే ప్రతి ఊరి పేరూ అందులో ఉండేలా చూసుకోండి, ముఖ్యంగా చుషూల్, హాన్లే. నియమాలు సీజన్‌కి సీజన్‌కి మారుతుంటాయి కాబట్టి వెళ్ళే వారం మళ్ళీ చూడండి. ఆధార్ కాపీలు, పర్మిట్ కాపీలు పదేసి ప్రింట్ తీసి కార్లో ఉంచండి, చెక్‌పోస్టుల్లో ఇచ్చుకుంటూ పోవడమే.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. ఒకే కంపెనీవి కాకుండా రెండు మూడు కంపెనీలవి గ్రూపులో ఉండేలా నెల ముందే మార్పించుకోండి. లేహ్ దాటితే చాలాచోట్ల సిగ్నలే ఉండదు, యూపీఐ మర్చిపోండి, నగదు రెండు కార్లలో సగం సగం దాచండి. మ్యాపులు ఆఫ్‌లైన్లో దించుకోండి. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం మన దేశంలో నేరం, డ్రోన్ కూడా ఇంట్లోనే వదిలేయండి. ఏ రాత్రి ఎక్కడ ఉంటామో రాసిన కాగితం ఇంట్లో ఫ్రిజ్ మీద అతికించండి, "రెండు రోజులు ఫోన్ రాకపోయినా కంగారు పడకండి, మూడో రోజు రాకపోతే ఈ నంబరుకి చేయండి" అని లేహ్ హోటల్ నంబరు కింద రాయండి. అమ్మవాళ్ళకి ఇది చాలా ధైర్యం.

7. తిండి, బట్టలు

4,500 మీటర్ల దగ్గర నీళ్ళు 85 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. మూడు లీటర్ల కుక్కర్, చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకుంటే రోడ్డు పక్క అన్నం, పప్పు అయిపోతాయి. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, ఆవకాయ, సున్నుండలు, మాడుగుల హల్వా తీసుకెళ్ళాం. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, కొత్త రుచులు అసలు ఎక్కవు, అలాంటప్పుడు రెండు ముద్దలు ఆవకాయ అన్నం లోపలికి వెళ్తే అదే పెద్ద మందు. త్సో మోరిరి ఒడ్డున కోర్జోక్ ఊళ్ళో మేం దిగిన ఇంటావిడ మా కుక్కర్ కూత విని నవ్వుతూ వచ్చి కూర్చుంది, ఆవిడకి హల్వా పెడితే మాకు ఉప్పు వేసిన వెన్న టీ పోసింది. రోజుకి మూడు లీటర్ల నీళ్ళు గుటక గుటకగా తాగాలి, మందు, సిగరెట్ వద్దు.

బట్టలు పొరలు పొరలుగా: లోపల థర్మల్స్, పైన ఫ్లీస్, ఆపైన గాలి దూరని జాకెట్. మే నెల వైజాగ్‌లో థర్మల్స్ వెతుక్కోవడం కష్టం, చలికాలంలోనే కొనిపెట్టుకోండి. చలువ కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్, పెదాలకి రాసుకునేది, ముక్కులోకి కొబ్బరి నూనె. మన ఉక్కపోతకి అలవాటైన చర్మం ఆ పొడి గాలికి రెండో రోజే పగులుతుంది.

8. లేహ్‌లో మూడు రాత్రులు

చేరిన సాయంత్రం, ఆ తర్వాత రెండు రోజులు ఏమీ చేయకండి. మెల్లగా బజారుకి నడవండి, శాంతి స్తూపం కూడా కారులోనే. పగలు నిద్ర వద్దు. ఉదయం, సాయంత్రం అందరూ ఒక గదిలో కూర్చుని ఒక్కొక్కరూ నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పాలి: తలనొప్పా, వికారమా, కళ్ళు తిరుగుతున్నాయా, నిద్ర పట్టిందా. ఒక నోటుబుక్కులో రాయాలి. మొదటి ప్రశ్న ఎప్పుడూ లీడర్‌కే వేయండి. మా లీడర్ మొదటి రోజే "నాకు కొంచెం పోటుగా ఉందిరా" అన్నాడు, అంతే, మిగతావాళ్ళలో ముగ్గురు కూడా నోరు విప్పారు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ పెట్టుకోండి కానీ అంకెలు చూసి కంగారు పడొద్దు, లేహ్‌లో 88 ఉన్న మనిషి హాయిగా తిరగొచ్చు. లక్షణాలే ముఖ్యం.

తలనొప్పి ఉన్నంతసేపు పైకి వెళ్ళకూడదు. కూర్చున్నా ఆయాసం, తగ్గని దగ్గు, మాట తడబడటం, గీత మీద నడవలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా కిందికి దించాలి. బజార్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాలకే అయిపోతుంది, లేహ్‌లో అసలు సిలిండర్ అద్దెకి దొరుకుతుంది, కారుకి ఒకటి తీసుకోండి.

9. సరస్సుల చుట్టూ: దిగే దారి చూసుకుని ఎక్కడం

మ్యాపు ముందు పెట్టుకుని ప్రతి రాత్రి బస పక్కన "ఇక్కడ అర్ధరాత్రి బాగోకపోతే ఎటు దిగాలి" అని రాయండి. అలా రాస్తే రూటు దానంతటదే తయారవుతుంది.

మొదట ఖార్దుంగ్ లా దాటి నుబ్రా. కనుమ 5,350 మీటర్లు, కానీ హుందర్ 3,100 లోపే, అంటే లేహ్ కంటే కిందే పడుకుంటాం. కనుమ మీద పదిహేను నిమిషాలు మించి ఉండకండి. హుందర్ ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు చూస్తూ రెండు రాత్రులు.

తర్వాత ష్యోక్ నది వెంబడి పాంగాంగ్ వైపు. ఇలా వెళ్తే చాంగ్ లా ఎక్కక్కర్లేదు. ఉదయం ఆరింటికే బయల్దేరాలి, మధ్యాహ్నం ఎండకి పైన మంచు కరిగి వాగులు పొంగుతాయి, ఉదయం చీలమండ లోతున్న వాగు రెండింటికల్లా మోకాలు దాటుతుంది. పాంగాంగ్‌కి ముందు వచ్చేదాన్ని పాగల్ నాలా అనే పిలుస్తారు. వాగు దగ్గర ముందు ఆగి, ఇంకో బండి దాటేది చూసి, మొదటి గేరులో, ఆపకుండా, గేరు మార్చకుండా దాటండి. మొదటి కారు గట్టెక్కాకే రెండోది నీళ్ళలో దిగాలి. ఆ రాత్రి పాంగాంగ్ ఒడ్డున కాకుండా 3,900 ఎత్తున్న టాంగ్‌ట్సేలో పడుకున్నాం, మరుసటి రోజు రాత్రే ఒడ్డున. బావ ఈసారి పొద్దున్నే లేచి ఒడ్డున ఒక్కడే నిలబడి, నీళ్ళు చేత్తో తీసుకుని నాలిక మీద వేసుకుని, "ఉప్పగానే ఉన్నాయిరా, మన సముద్రమంత కాదు" అన్నాడు. సుమారు 134 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సులో మన వైపున్నది మూడో వంతు.

అక్కడి నుంచి చుషూల్ మీదుగా హాన్లే. దారిలో రెజాంగ్ లా స్మారకం దగ్గర ఆగండి. చైనా యుద్ధంలో, 1962 నవంబరు 18న ఆ చలిలో మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో కుమావ్ రెజిమెంట్ 13వ బెటాలియన్ చార్లీ కంపెనీ సైనికులు, 120 మందిలో 110 మందికి పైగా అక్కడే ప్రాణాలిచ్చారు. మే నెలలో మంచు కరిగినా వణికే చోట, నవంబరులో వాళ్ళు ఎలా నిలబడ్డారో అక్కడ గాలి మొహానికి కొడితే కొంచెమైనా తెలుస్తుంది. మేమంతా అక్కడ అరగంట మాట్లాడలేదు.

ఈ దారంతా ఊళ్ళు తక్కువ, రోడ్డు కొన్నిచోట్ల చీలిపోయి నాలుగైదు జాడలుగా కనిపిస్తుంది. రెండు కార్లు విడిపోకుండా మా నియమం ఒక్కటే: ముందు కారు డ్రైవరుకి వెనక కారు అద్దంలో రెండు నిమిషాలు కనిపించకపోతే ఆగాలి, దారి చీలే ప్రతిచోటా వెనక కారు వచ్చేదాకా కదలకూడదు. బాగా తెలిసిన డ్రైవర్ వెనక కారులో ఉండాలి, నెమ్మదైన కారు ముందుండాలి. జాడ వదిలి గడ్డి మీదికో సరస్సు అంచు తడి నేల మీదికో బండి దించకండి. భీమిలి ఒడ్డున తడి ఇసుకలో కారు కూరుకుపోతే లాగడానికి పది మంది వస్తారు, ఇక్కడ ఎవరూ రారు. పైగా ఆ చిత్తడి అంచుల్లోనే నల్లమెడ కొంగలు గుడ్లు పెడతాయి.

హాన్లేలో రెండు రాత్రులు ఉండండి. భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్ళ రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఇక్కడే ఉంది, దాన్ని బెంగళూరు దగ్గరి హొసకోటె నుంచి నడుపుతారు. చుట్టూ చీకటిని కాపాడే రిజర్వు కాబట్టి రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని తిరగొద్దు, గదికి పరదాలు వేయండి. టార్చి కూడా ఆపేసి పది నిమిషాలు కళ్ళు అలవాటయ్యాక పైకి చూడండి, పాలపుంత ఈ కొండ నుంచి ఆ కొండకి ఉంటుంది. ఇక్కడ బాగోకపోతే లోమా, న్యోమా, మాహే, చుమాథాంగ్ మీదుగా సింధు నది వెంటే లేహ్ వరకు దిగుతూనే ఉండొచ్చు, మధ్యలో పెద్ద కనుమ లేదు. పాంగాంగ్ కంటే ఎత్తున్నా హాన్లే నాకు భద్రంగా అనిపించడానికి కారణం ఇదే.

తర్వాత త్సో మోరిరి ఒడ్డున కోర్జోక్‌లో ఒక రాత్రి. మొత్తం ట్రిప్‌లో ఎత్తైన పడక ఇది, అందుకే చివర పెట్టుకున్నాం. అందరూ బాగుంటే పూగా వేడినీటి బుగ్గలు చూసుకుంటూ పోలోకాంగ్కా లా దాటి త్సో కార్, అక్కడి నుంచి తాంగ్లాంగ్ లా మీదుగా లేహ్. త్సో కార్ అంటే తెల్ల సరస్సు, అంచుల్లో ఉప్పు పేరుకుని తెల్లటి కట్టలా ఉంటుంది, దూరాన కియాంగ్‌లనే అడవి గాడిదలు మేస్తుంటాయి. ఎవరికైనా బాగోకపోతే ఈ దారి వదిలేసి మాహే నుంచి సింధు దారే పట్టండి. మాలో ఒకావిడకి ఆ ఉదయం తల తిరిగింది, టిఫిన్ దగ్గర తనే చెప్పింది, రెండు కార్లూ మాహే వైపు తిరిగాయి. మేం త్సో కార్ చూడలేదు. రెండు రోజుల తర్వాత ఆవిడ కోలుకున్నాక, ఖాళీగా ఉంచిన రోజుల్లో ఒకటి తీసి, లేహ్ నుంచి వెళ్ళి చూసి సాయంత్రానికి వచ్చేశాం.

10. దిగడం

మనాలీ దారిలో లేహ్ నుంచి తెల్లవారుజామునే బయల్దేరితే మోరే మైదానాలు, 21 మలుపుల గాటా లూప్స్, బారాలాచా లా దాటి సాయంత్రానికి జిస్పానో కేలాంగో చేరొచ్చు. ఆలస్యమైతే సర్చులో ఆగిపోండి, చీకట్లో బారాలాచా వద్దు. కేలాంగ్ తర్వాత 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటగానే ఒక్కసారిగా పచ్చదనం, తేమ, దేవదారు వాసన. అక్కడ ఒక కప్పు టీ తాగి బ్రేకులు ముట్టుకోకుండా చల్లారనివ్వండి.

చండీగఢ్‌లో కొందరు విడిపోతారు కాబట్టి లెక్కలు అక్కడే, హోటల్ గదిలో కూర్చుని, అందరి ముందూ తేల్చేయండి. పక్కన పెట్టిన ఫండ్‌లో మాకు సగం మిగిలింది, సమానంగా పంచుకున్నాం. వైజాగ్ చేరిన వారంలో కారు కిందంతా నీళ్ళతో కడిగించి బ్రేకు ప్యాడ్లు, టైర్ల అంచులు చూపించండి. స్టెప్నీ బోల్టుకి గ్రీజు రాయించడం మర్చిపోకండి, మేం ఇప్పుడు ఆర్నెల్లకోసారి రాయిస్తున్నాం.